పొద్దున ఎనిమిది, సాయంత్రం ఏడు: తప్పు మీటర్‌దా, నీళ్ళదా?

ప్రశ్న: సోషల్ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. విజయనగరం బాబామెట్టలో ఉంటున్నాం. మేడ మీద గ్రో బ్యాగుల్లో వంగ, టమాటా, గోంగూర, ఒక ఆనప పాదు పెంచుతున్నాం. ఈమధ్య మా అల్లుడు పైపుల్లో నీళ్ళు తిరిగే హైడ్రోపోనిక్ సెట్ పంపాడు. అందులో పాలకూర, లెట్యూస్ వేశాం. నీళ్ళ పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; ఏడుకి తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) ఆరు దగ్గర ఉండాలన్నాడు కాబట్టి ఆన్‌లైన్‌లో ఐదు వందల లోపు పెన్ మీటర్ ఒకటి తెప్పించాను. మొదట్లో బాగానే ఉంది. ఇప్పుడు సాయంత్రం మోటారు వేసి పట్టిన నీరు 7.2 చూపిస్తే, మర్నాడు పొద్దున అదే బకెట్లో 8.1 చూపిస్తోంది. మినరల్ వాటర్ క్యాన్ నీళ్ళలో పెడితే అంకె ఆగనే ఆగదు. మట్టిలో గుచ్చే మూడు పుల్లల మీటర్ కూడా కొన్నాను. అది ఎక్కడ గుచ్చినా 7 దగ్గరే నిలబడుతుంది. అల్లుడు పదివేల మీటర్ కొనమంటాడు. మా ఆవిడ ఆ డబ్బుకి ఏడాదంతా కూరగాయలు వస్తాయంటుంది. మూడు వేల లోపు నమ్మకమైన మీటర్ ఏదైనా ఉందా? దానితోనే తాగే నీళ్ళు కూడా చూసుకోవచ్చా?

జవాబు: మాస్టారూ, మీ పెన్ మీటర్ మీద మోపిన నేరాల్లో రెండింటిని ముందే కొట్టేయాలి. బోరు నీటి విషయంలో అది బహుశా నిజమే చెప్పింది. భూమి లోపలి నీటిలో కార్బన్ డయాక్సైడ్ బాగా కరిగి ఉంటుంది. అది నీటిలో కొద్దిపాటి ఆమ్లంగా మారి పీహెచ్‌ని కిందికి లాగుతుంది. మోటారు వేసి పైకి తెచ్చి బకెట్లో వదిలేస్తే ఆ వాయువు మెల్లగా గాలిలోకి పోతుంది, పీహెచ్ పైకి ఎక్కుతుంది. అందుకే మన బోర్లలో చాలా వాటిలో నీరు పట్టిన వెంటనే ఏడు పైన కొంచెం ఉండి, రాత్రి గడిచేసరికి ఎనిమిది దాటుతుంది. భోగాపురం, పూసపాటిరేగ వైపు రొయ్యల చెరువుల వాళ్ళని అడగండి, పీహెచ్ పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి ఉంటుందని వాళ్ళకు బాగా తెలుసు. అక్కడ కారణం వేరు. పగలు నాచు ఎండకి కార్బన్ డయాక్సైడ్‌ని తినేస్తుంది కాబట్టి సాయంత్రానికి పీహెచ్ పెరుగుతుంది. మీ పైపుల సెట్ ట్యాంకుకి మూత లేక లోపల పచ్చగా నాచు పట్టి ఉంటే మీకూ అదే జరుగుతుంది. ట్యాంకుకి నల్లటి కవర్ చుట్టండి. ఇకనుంచి కొలత రోజూ ఒకే వేళకి తీసుకోండి.

ఇక మినరల్ వాటర్. పీహెచ్ మీటర్ పని చేయాలంటే నీటిలో కాస్త లవణాలుండాలి. ఆర్‌వో నీటిలో అవి మరీ తక్కువ. అందుకే పదివేల మీటర్ పెట్టినా అంకె అటూ ఇటూ కదులుతూనే ఉంటుంది. పైగా శుద్ధమైన నీరు కచ్చితంగా 7 చూపించాలనేది పుస్తకాల లెక్క. గాలి తగిలిన స్వచ్ఛమైన నీరు కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని 5.6 దాకా దిగుతుంది. కాబట్టి మీటర్ మంచిదో కాదో క్యాన్ నీళ్ళతో తేల్చుకోకండి. చాలామంది ఈ పరీక్షే చేసి మంచి మీటర్లని వాపసు పంపుతున్నారు.

మీ మీటర్ నిజంగా పాడైందా లేదా అనేది తేల్చే సాక్షి ఒక్కటే, బఫర్ ద్రావణం. పీహెచ్ ఎంతో ముందే తెలిసిన, కొద్దిగా ఏం కలిసినా సులువుగా మారని ద్రావణం అది. ఇంట్లో తక్కెడ ఎంత మంచిదైనా పాసంగం చూడకుండా తూస్తే ఎంత నమ్ముతామో, బఫర్ చూడని మీటర్‌ని కూడా అంతే నమ్మాలి. మీరు కొన్న పెన్‌తో పాటు 6.86 అనీ, 4.01 అనీ రాసిన చిన్న పొడి ప్యాకెట్లు వచ్చి ఉంటాయి. అట్టపెట్టె వెతకండి, చాలా ఇళ్ళలో అవి విప్పకుండానే ఉంటాయి.

కొత్త మీటర్ కొనే ముందు ఈ పని చేయండి. ఒక్కో ప్యాకెట్‌ని దాని మీద రాసినంత డిస్టిల్డ్ వాటర్‌లో కలపండి, మామూలుగా 250 మిల్లీలీటర్లు ఉంటుంది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ సరిపోతుంది, బ్యాటరీ యాసిడ్ సీసా మాత్రం పొరపాటున తీయకండి. పెన్ అడుగున ఉన్న గాజు బుడ్డి కొన్నాళ్ళు ఎండి ఉంటే ముందురోజు రాత్రి దాన్ని 4.01 ద్రావణంలో నానబెట్టండి. మర్నాడు నీడలో కూర్చుని, మేడ మీద ఎండలో వద్దు, ముందు 6.86లో పెట్టి బటన్‌తోగానీ, వెనకున్న చిన్న స్క్రూతోగానీ అంకెని 6.86కి తీసుకురండి. డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, మెత్తటి కాగితంతో అద్దండి. తుడవకూడదు, గాజుని రుద్దితే స్థిర విద్యుత్తు పుట్టి కాసేపు అంకె చెదురుతుంది. ఇప్పుడు 4.01లో పెట్టి, బటన్ ఏదీ నొక్కకుండా ఒక నిమిషం చూడండి. 3.9కీ 4.2కీ మధ్య ఆగితే మీ మీటర్ బతికే ఉంది, ఇంకొన్నాళ్ళు వాడుకోండి. 4.5 దగ్గర నిలబడినా, ఐదు నిమిషాలైనా మెల్లగా జారుతూనే ఉన్నా గాజు బుడ్డి పని అయిపోయింది. అప్పుడు కొత్తది కొనండి, అంతవరకూ డబ్బు తీయకండి.

ఇంత రాద్ధాంతం ఎందుకంటే, ఆ గాజు బుడ్డి వయసు మీద పడే వస్తువు. లోపలా బయటా ఉన్న హైడ్రోజన్ అయాన్ల తేడాని బట్టి ఆ సన్నని గాజు మీద కొన్ని మిల్లీవోల్టుల విద్యుత్తు ఏర్పడుతుంది. కొత్తగా ఉన్నప్పుడు, 25 డిగ్రీల దగ్గర, పీహెచ్ ఒక్కటి మారితే దాదాపు 59 మిల్లీవోల్టులు మారుతుంది. వాడే కొద్దీ ఈ అంకె తగ్గుతుంది. తెర మీద మీరు చూసే 7.2 అనేది ఆ మిల్లీవోల్టుల మీద మీటర్ వేసిన లెక్క. కాబట్టి గాజు నీరసపడిన సంగతి మనం బఫర్‌తో చెబితే తప్ప లోపలి చిప్‌కి తెలియదు. ఈ పరికరం పుట్టింది కూడా తోట పంట కోసమే. 1934లో కాలిఫోర్నియాలో నిమ్మరసం పులుపు కొలవడానికి ఆర్నాల్డ్ బెక్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్త తయారుచేశాడు. నిల్వ కోసం రసంలో కలిపే సల్ఫర్ డయాక్సైడ్ వల్ల రంగు మారే కాగితాలు అక్కడ పనికిరాలేదట.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. మూడు వేలలో నమ్మకమైనది దొరుకుతుంది, కానీ ఆ మూడు వేలూ మీటర్‌కే పోయకండి. మూడో వంతు బఫర్లకీ, ప్రోబ్‌ని, అంటే గాజు బుడ్డి ఉన్న కొనని, తడిగా ఉంచే స్టోరేజ్ ద్రావణానికీ పక్కన పెట్టండి. బఫర్ లేకుండా పదివేల మీటర్ వాడే వాడికన్నా బఫర్ ఉన్న రెండు వేల మీటర్ వాడే వాడే నాకు నమ్మకస్తుడు. మీ అల్లుడు చెప్పింది తప్పని కాదు. ఆయన వందల మొక్కల ఫారం పెడితే పదివేలు దండగ కాదు. మీకున్న పైపుల్లో ముప్ఫై నలభై మొక్కలుంటాయేమో, దానికంత అవసరం లేదు.

అమ్మేవాడు చూపించే అంకెలకి బోల్తా పడకండి. తెర మీద రెండు దశాంశ స్థానాలు కనిపించినంత మాత్రాన అంత కచ్చితంగా కొలుస్తుందని కాదు. ఐదు వందల పెన్ మీద ప్లస్ ఆర్ మైనస్ 0.01 అని అచ్చేసి ఉంటుంది. అది అట్ట మీద మాట. మీకు ప్లస్ ఆర్ మైనస్ 0.1 చాలు. పాలకూర వేరుకి 6.0కీ 6.1కీ తేడా తెలియదు, 6కీ 7.5కీ మాత్రం బాగా తెలుస్తుంది. మీటర్ పెట్టె మీద చూడాల్సింది రెండు బఫర్ల కాలిబ్రేషన్ ఉందా అనేది. 7 దగ్గరా 4 దగ్గరా విడివిడిగా సరిచేసుకునే వీలుండాలి, అదీ బటన్‌తో, బఫర్‌ని తనే గుర్తుపట్టేదై ఉంటే ఇంకా మంచిది. స్క్రూ తిప్పేవాటిలో ఒక్క దగ్గరే సరి చేయగలం, రెండో చివర గాజు ఇష్టం. మీ పైపుల నీళ్ళు 5.5కీ 6.5కీ మధ్య ఉండాలి కాబట్టి 9.18, 10 బఫర్లు కొనక్కర్లేదు.

రెండోది, ప్రోబ్ విడిగా మార్చుకునే వీలు. గాజు ప్రోబ్ ఎంత జాగ్రత్తగా చూసుకున్నా ఏడాది, రెండేళ్ళు. వాడకుండా బీరువాలో పెట్టినా దానికి వయసు వస్తుంది. మార్చే వీలు లేకపోతే ప్రోబ్‌తో పాటు మీటర్ మొత్తం చెత్తలోకే. పేరు అడిగారు కాబట్టి చెబుతున్నాను. హన్నా, అపేరా ఈ రెండు కంపెనీల చిన్న పెన్నులు తోటల వాళ్ళలో బాగా నలిగినవి. అపేరాలో పీహెచ్ 20 మోడల్‌కి ప్రోబ్ మారదు, పీహెచ్ 60కి మారుతుంది, ధరలో తేడా కూడా ఉంటుంది. న్యూజిలాండ్ వాళ్ళ బ్లూల్యాబ్ మంచిదే, మీ బడ్జెట్ దాటుతుంది. మిగతా రెండిటిలోనూ ధర మీ బడ్జెట్లో పడుతుందో లేదో చూసుకునే కొనండి. ఏది కొన్నా, పార్శిల్ రాగానే మూత విప్పి చూడండి. లోపల స్పాంజి తడిగా ఉండాలి. ప్రోబ్ చుట్టూ తెల్లటి ఉప్పు పేరుకుని ఉంటే భయపడకండి, అది స్టోరేజ్ ద్రావణం ఆరి ఏర్పడిన లవణమే, కడిగితే పోతుంది. ఎండిపోయి ఉంటేనే అనుమానించాలి. గాజు మీద సన్నని వెంట్రుకలాంటి గీత కనిపిస్తే మరో మాట లేకుండా వాపసు.

ఇంకో మాట. పీహెచ్, టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం), ఉష్ణోగ్రత అన్నీ ఒకే పెన్‌లో చూపించేవి వస్తున్నాయి. నాకవి నచ్చవు. టీడీఎస్ పెన్‌కి తడి బుడ్డి గొడవ లేదు, చవకలో దొరుకుతుంది, ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. దాన్ని పీహెచ్ గాజుతో ముడిపెడితే గాజు పోయిననాడు రెండూ పోతాయి. మీ పైపుల సెట్‌కి టీడీఎస్ ఎలాగూ చూడాలి కాబట్టి దాన్ని విడిగా కొనండి. ఉష్ణోగ్రతని బట్టి తనే సర్దుకునే ఏటీసీ ఉన్న పీహెచ్ పెన్ అయితే మన ఎండలకి మంచిది, అయినా దాన్ని పిట్టగోడ మీద వదిలి టిఫిన్‌కి దిగిపోకండి.

కొన్న తర్వాత చేయాల్సింది పెద్దగా లేదు, కానీ ఆ కాస్త మానేస్తే మీటర్ పోతుంది. వాడిన ప్రతిసారీ కడిగి, మూతలో నాలుగు చుక్కలు స్టోరేజ్ ద్రావణం వేసి బిగించండి. అది పొటాషియం క్లోరైడ్ ద్రావణం. ఎరువుల షాపులో దొరికే ఎర్రటి పొటాష్ కూడా పొటాషియం క్లోరైడే కదా అని దాన్ని కలిపి పోసేవాళ్ళున్నారు. అందులోని మలినాలు ప్రోబ్ సన్నటి రంధ్రాన్ని మూసేస్తాయి, వద్దు. ద్రావణం అయిపోతే కొద్దిరోజులకి 4 బఫర్ వేసినా నడుస్తుంది. డిస్టిల్డ్ వాటర్‌లో, ఆర్‌వో నీళ్ళలో మాత్రం నిల్వ పెట్టకూడదు. శుభ్రమైన నీరు కదా అనిపిస్తుంది, కానీ అది ప్రోబ్ లోపలి లవణాన్ని బయటికి లాగేస్తుంది. రెండు వారాలకోసారి బఫర్ చూసుకోండి, గిన్నెలోకి పోసిన బఫర్‌ని మళ్ళీ సీసాలో పోయకండి. పక్కన ఒక చిన్న ఏర్పాటు కూడా ఉంచుకోండి. అక్వేరియం షాపుల్లో, రొయ్యల మందుల షాపుల్లో రంగు మారే చుక్కల పీహెచ్ కిట్ దొరుకుతుంది. కొలత మోటుగానే ఉన్నా, మీటర్ ఒక రోజు 4 అనీ మర్నాడు 9 అనీ పలికితే నిజం ఏ వైపుందో అది చెబుతుంది. ఆపద్ధర్మంగా వంట సోడా కలిపిన నీరు కూడా ఉంది. అది 8.2, 8.3 దగ్గర ఉంటుంది. సరిచేయడానికి పనికిరాదు గానీ సందేహం తీరుస్తుంది.

పీహెచ్ దించే పద్ధతి మీరు అడగలేదు, కానీ అక్కడే ఎక్కువ పైపుల సెట్లు చెడిపోతున్నాయి. ముందు నీళ్ళలో పోషకాల మందు కలిపి, కాసేపు తిప్పి, ఆ తర్వాతే పీహెచ్ చూడండి. మందే పీహెచ్‌ని కొంత దించుతుంది. ఇంకా దించాల్సి ఉంటే పీహెచ్ డౌన్ పేరుతో అమ్మే ఫాస్ఫారిక్ యాసిడ్ చుక్క చుక్కగా వేస్తూ కలపండి. నీళ్ళలోకి యాసిడ్ వేయాలి, యాసిడ్‌లోకి నీళ్ళు కాదు. ఈ పనికి బ్యాటరీ యాసిడ్, బాత్‌రూమ్ కడిగే యాసిడ్ వాడేవాళ్ళని చూశాను. తినే ఆకుకూరల నీళ్ళలోకి అవి రాకూడదు. నిమ్మరసం, నిమ్మ ఉప్పు పనిచేస్తాయి గానీ సూక్ష్మజీవులు వాటిని తినేయడంతో రెండు రోజుల్లో పీహెచ్ మళ్ళీ పైకి వస్తుంది. అలాగే, దించిన పీహెచ్ మర్నాటికి పైకి రావడం మీటర్ తప్పు కాదు. బోరు నీటిలోని బైకార్బనేట్లు యాసిడ్‌ని ఖర్చు చేసేస్తాయి. నీరు మరీ గడుసుగా ఉంటే సగం వాన నీరు కలపండి. వానాకాలంలో మేడ మీద ఒక డ్రమ్ము పెడితే ఆ పని తేలిక. పైపుల్లో లెట్యూస్ చలికాలానికి సరే, వేసవికి పాలకూర, తోటకూరలతో సరిపెట్టుకోండి. లెట్యూస్ ఎండకి పువ్వెత్తి చేదెక్కుతుంది, అది పీహెచ్ జబ్బు అనుకుని యాసిడ్ పోస్తూ కూర్చోవద్దు.

మూడు పుల్లల మీటర్ సంగతి త్వరగా తేల్చేద్దాం. బ్యాటరీ లేకుండా నడిచే ఆ రకం, రెండు వేర్వేరు లోహాల మధ్య పుట్టే విద్యుత్తుతో ముల్లు కదిలిస్తుంది. ఆ విద్యుత్తు మట్టిలో తడిని బట్టి, ఉప్పుని బట్టి, పుల్ల ఎంత గట్టిగా దిగిందన్నదాన్ని బట్టి మారుతుంది. పీహెచ్ అందులో ఎక్కడో మూలన ఉంటుంది. తడి ఉందా లేదా చూడ్డానికి వాడుకోండి, పీహెచ్ గడి మీద కాగితం అంటించేయండి.

గ్రో బ్యాగుల విషయంలో మీ ఆవిడగారి మాటే నాకూ న్యాయంగా ఉంది. ఎర్రమట్టి, పశువుల గత్తం, కొబ్బరి పొట్టు కలిపిన బ్యాగు పీహెచ్ సాధారణంగా ఆరుకీ ఏడున్నరకీ మధ్యే ఉంటుంది. వంగ, టమాటా, ఆనప అన్నీ అందులో హాయిగా పండుతాయి. బ్యాగుకి ప్రతివారం మీటర్ పెట్టాల్సిన పని లేదు. లేత ఆకులు పసుపుగా మారి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అప్పుడు చూడండి. పీహెచ్ పెరిగి ఇనుము అందనప్పుడు అలా అవుతుంది. ముదురు ఆకులు మొత్తంగా పసుపెక్కితే అది నత్రజని లోటు, లేకపోతే నీళ్ళు ఎక్కువైన లక్షణం. పీహెచ్‌తో సంబంధం లేదు. చూడాల్సి వచ్చినప్పుడు మట్టిలో పెన్ గుచ్చకండి, గాజు పగులుతుంది. 20 గ్రాముల ఎండు మట్టిని 50 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో వేసి, అప్పుడప్పుడు కలుపుతూ అరగంట ఉంచి, పైన తేరిన నీటిలో బుడ్డి ముంచి చూడండి. మన భూసార పరీక్ష కేంద్రాల్లో వాడేది ఇదే పాళ్ళు. ఒకసారి పూర్తి పరీక్ష చేయించుకోవాలనుకుంటే మీ దగ్గరి రైతు సేవా కేంద్రంలో అడగండి. శ్రీకాకుళం వైపు పాఠకులకి ఆమదాలవలసలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. 2015లో మొదలైన భూసార కార్డులో పీహెచ్‌తో పాటు లవణాలు, సేంద్రియ కర్బనం, జింకు, ఇనుము వగైరా కలిపి 12 అంశాలు ఉంటాయి. ఆ వివరాలు ఏ పెన్నూ ఇవ్వదు.

చివరగా తాగే నీళ్ళు. తాగునీటికి మన దేశ ప్రమాణం ప్రకారం పీహెచ్ 6.5కీ 8.5కీ మధ్య ఉండాలి. మీ బోరు నీరు 7.2 అయినా 8.1 అయినా ఆ గీతల్లోనే ఉంది. కానీ ఆ అంకె చూసి నీళ్ళు మంచివని అనుకోకండి. ఫ్లోరైడ్, నైట్రేట్, బ్యాక్టీరియా, వీటిలో ఒక్కదాని గురించీ పీహెచ్ మీటర్ మాట్లాడదు. మీ ఇంట్లో బోరు నీరే తాగుతుంటే శుభ్రమైన సీసాలో నమూనా పట్టి నీటి పరీక్ష ల్యాబులో ఇవ్వండి. ఎలా పట్టాలో, ఎన్ని గంటల్లో తీసుకురావాలో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. బ్యాక్టీరియా పరీక్షకి సీసా వాళ్ళే ఇస్తారేమో అది కూడా అడగండి.